విభీషణుడి తరఫున మాట్లాడినవాడు

శరణు కోరి వచ్చినవాణ్ణి కాపాడటం మన దయ మీద ఆధారపడిన విషయమా, తప్పించుకోవడానికి వీల్లేని బాధ్యతా? తెలుగునాట ఏ రామాలయం అరుగు మీద అడిగినా ఈ ప్రశ్నకు జవాబు తడుముకోకుండా వస్తుంది. విభీషణ శరణాగతి చెబుతారు. శత్రువు తమ్ముడే అయినా, పుట్టుక రాక్షసుడే అయినా రాముడు అభయమిచ్చాడు కదా అంటారు. జవాబు సరైనదే. అయితే ఆ ఘట్టం చెప్పే పౌరాణికుడికి రాముడి అభయం దగ్గరికి చేరాలన్న తొందర ఉంటుంది, వినేవాళ్ళూ ఆ మాట కోసమే కాచుకుని ఉంటారు. దానికి ముందు సముద్రతీరాన వాల్మీకి సర్గల తరబడి నడిపిన వాదోపవాదం ఎవరికీ అంతగా గుర్తుండదు. శరణు గురించి మనం నేర్చుకోవలసింది ఎక్కువగా ఆ వాదోపవాదంలోనే ఉందని నా అభిప్రాయం. ఇల్లూ తిండీ ఇవ్వడం తర్వాతి సంగతి. వెళ్ళగొట్టే ముందు మాట వినడంతోనే శరణధర్మం మొదలవుతుంది. వచ్చినవాడి మాటను సభకు అర్థమయ్యేలా నిలబెట్టగల మనిషి లేకపోతే ఆ వినడం పేరుకే జరుగుతుంది. అందుకే కాందిశీకుల పక్షాన కోర్టుల్లో వాదించే న్యాయవాది చేసే పనిని సేవాకార్యక్రమాల జాబితాలో చివరన రాసే అలవాటు మానుకోవాలి. అది శరణధర్మంలో మొదటి భాగం.

యుద్ధకాండలో ఏం జరిగిందో ఒకసారి నిదానంగా చూద్దాం. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలోనే ఆగి తానెవరో దాచకుండా చెప్పుకుంటాడు. రావణుడి తమ్ముణ్ణి, అన్న అవమానించాడు, భార్యాబిడ్డల్ని వదిలి వచ్చాను అంటాడు. సుగ్రీవుడు వెంటనే వీడు గూఢచారి, పట్టి చంపాలి అంటాడు. ఆ మాట కోపంలో అన్నది కాదు. యుద్ధం గడప దాకా వచ్చిన వేళ సేనానాయకుడు అనవలసిన మాటే. రాముడు దాన్ని కొట్టిపారేయకుండా అందరినీ అభిప్రాయం అడుగుతాడు. గుణదోషాలు తూచి నిర్ణయిద్దామని అంగదుడు, ముందు చారుణ్ణి పంపి కనుక్కుందామని శరభుడు, వచ్చిన చోటూ వేళా రెండూ అనుమానంగానే ఉన్నాయని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నలు వేసి రాబడదామని మైందుడు అంటారు. ఇవాళ ఏ దేశపు హోంశాఖ ఫైలు తిరగేసినా శరణార్థుల మీద కనిపించే అభ్యంతరాలు దాదాపు ఇవే. అప్పుడు హనుమంతుడు లేస్తాడు. పోటీ కోసమో పాండిత్యం చూపడానికో కాదు, విషయం బరువైనది కాబట్టి మాట్లాడుతున్నానని ముందుగానే చెప్పి ఒక్కొక్క వాదానికీ జవాబిస్తాడు. పని అప్పగించి చూడకుండా గుణదోషాలు తేలవు. ఎదుటే నిలబడి తన సంగతి తానే చెప్పుకున్నవాడి మీదికి చారుణ్ణి పంపడంలో అర్థం లేదు. రావణుడి దుర్మార్గాన్నీ రాముడి పరాక్రమాన్నీ చూసినవాడు రావలసిన చోటు ఇదే, వేళా ఇదే. అనుమానంతో ఉన్నట్టుండి ప్రశ్నలు గుప్పిస్తే మంచి మనసుతో వచ్చినవాడు కూడా ముడుచుకుపోతాడు. మోసం చేయాలని వచ్చినవాడు ఇంత నిబ్బరంగా ఎదుటపడడు, మాటలోనూ ముఖంలోనూ ఆ జాడ దాగదు. చివరి రెండు విషయాలూ నేటి శరణార్థి విచారణల్లో నిత్యం చర్చకు వస్తాయి. భయంతో పారిపోయి వచ్చినవాడిని ఎలా అడిగితే నిజం బయటికి వస్తుంది, అతని మాట నమ్మదగిందని దేన్నిబట్టి తేల్చాలి అని.

హనుమంతుడి వాదంలో ఇంకొక అంశం ఉంది, నాకు అదే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. విభీషణుణ్ణి అతను మచ్చలేని సాధువుగా చూపించడు. రాముడు వాలిని చంపి సుగ్రీవుడికి పట్టం కట్టిన సంగతి విని, తనకూ రాజ్యం దక్కవచ్చన్న ఆశతో వచ్చి ఉండవచ్చని తానే చెబుతాడు. ఆ ఆశ ఉన్నా స్వీకరించవచ్చు అంటాడు. నేడు శరణార్థుల మీద తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటి ఉంది. వీళ్ళలో చాలామంది ప్రాణభయంతో కాదు, కూలి దొరుకుతుందని వచ్చారు అని. బతుకు తెరువు వెతుక్కునేవాడికి ప్రాణభయం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. ఊరు తగలబడితే పారిపోయినవాడు పోయేది పని దొరికే ఊరికే. మనిషి మనసులో రెండు కారణాలూ కలిసే ఉంటాయి. తిప్పి పంపితే ఇతనికి ఏమవుతుంది అన్న ప్రశ్నకు మొదటి కారణం చాలు, రెండోది ఉన్నంత మాత్రాన మొదటిది చెరిగిపోదు. తన కక్షిదారును దేవుడిగా చిత్రించకుండా, ఉన్నవాణ్ణి ఉన్నట్టే చూపించి, అయినా ఇతనికి రక్షణ దక్కాలి అని వాదించడం న్యాయవాద వృత్తిలో కష్టమైన పని. ఆ పనిని ఆదికావ్యం హనుమంతుడికి అప్పగించింది.

ఇక్కడ భక్తుల వైపు నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. హనుమంతుడు అంత వాదించినా రాముడి నిర్ణయం సాక్ష్యాల మీద నిలబడలేదు కదా, వచ్చినవాడు చెడ్డవాడే అయినా, చివరికి రావణుడే వచ్చినా అభయమిస్తానన్నాడు కదా, మరి విచారణకు అందులో చోటేదీ? పైగా వైష్ణవ ఆచార్యులు ఈ ఘట్టాన్ని జీవుడు భగవంతుణ్ణి ఆశ్రయించడంగా వ్యాఖ్యానించారు, వేదాంత దేశికులు దీని మీదే ప్రత్యేకంగా అభయప్రదాన సారం రాశారు. దాన్ని తెచ్చి వీసాల కార్యాలయానికి ముడిపెట్టడం న్యాయమా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. రాముడి అభయం విచారణకు మించినది, నిజమే. అయితే అంతటి నిశ్చయం ఉన్నవాడు కూడా ముందు సభను మాట్లాడనిచ్చాడు. తన నిర్ణయానికి దేవుడిగా తన మహిమను ఆధారం చేసుకోలేదు. తన భార్యను పట్టిన వేటగాడికే ఆకలి తీర్చడానికి శరీరమిచ్చిన పావురం కథనూ, కండు మహర్షి చెప్పిన ధర్మాన్నీ పూర్వప్రమాణాలుగా ఎత్తి చూపాడు. అంటే తనకన్నా ముందే ఉన్న ధర్మానికి కట్టుబడిన మనిషిగా మాట్లాడాడు. వచ్చినవాడు తనకు ఏ హానీ చేయలేడన్న ధైర్యం రాముడికి ఉంది. ప్రభుత్వాలకు ఆ ధైర్యం లేదు, ఉండాలని శాసించడమూ కుదరదు. అందుకే వాటికి హనుమంతుడి అవసరం రాముడికి ఉన్నదానికన్నా ఎక్కువ. వినకుండానే అభయమివ్వగల శక్తి లేని ప్రభుత్వానికి, వినకుండా తరిమే అధికారం కూడా ఉండకూడదు.

ఇదే ఆలోచన మరో మతచరిత్రలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 615లో మక్కాలో హింస భరించలేక ముహమ్మద్ ప్రవక్త అనుచరులు కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియా చేరారు. మక్కాలోని ఖురైషీ తెగవాళ్ళు వెంటనే ఇద్దరు దూతల్ని కానుకలతో పంపారు. వాళ్ళు ముందు ఆస్థానంలోని పెద్దల్ని మంచి చేసుకున్నారు. వీళ్ళు మావాళ్ళు, వీళ్ళ సంగతి మాకే బాగా తెలుసు, వీళ్ళతో మాట్లాడకుండానే అప్పగించండి అని కోరారు. క్రైస్తవుడైన రాజు నజాషీ ఒప్పుకోలేదు. నా దేశాన్ని నమ్మి వచ్చినవాళ్ళను వాళ్ళ మాట వినకుండా అప్పగించనన్నాడు. అప్పుడు వలస వచ్చినవాళ్ళ తరఫున జాఫర్ ఇబ్న్ అబీ తాలిబ్ నిలబడి, తమకు జరిగిందేమిటో, తమ విశ్వాసమేమిటో చెప్పాడు. మర్నాడు ఆ దూతలు ఏసుక్రీస్తు విషయంలో మత సంబంధమైన ఆరోపణ తెచ్చినా రాజు మళ్ళీ విన్నాడు, కానుకలు వెనక్కి పంపాడు. నజాషీ వాళ్ళ మతం పుచ్చుకున్నాడా లేదా అన్నది వేరే చర్చ. శరణు ఇచ్చిన రోజున మాత్రం అతను పరాయి మతస్థుల మాట విన్న రాజు. ఆ తర్వాత దాదాపు పన్నెండు శతాబ్దాలకు, 1795లో, శాశ్వత శాంతి గురించి రాసిన ఇమ్మాన్యుయెల్ కాంట్ ఇదే విషయాన్ని తర్కంతో చెప్పాడు. పరదేశిని లోపలికి రానివ్వకుండా ఉండే అధికారం రాజ్యానికి ఉంది కానీ, తిప్పి పంపడం అతని నాశనానికి దారితీస్తే ఆ అధికారం చెల్లదని. 1951 శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణానికి, న్యాయవాదులు నాన్-రిఫౌల్‌మెంట్ అనే సూత్రానికి, సారం ఇంతే. ప్రాణమో స్వేచ్ఛో పోయే చోటికి మనిషిని తిరిగి నెట్టరాదు.

భారతదేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు, 1967 ప్రొటోకాల్ మీదా చేయలేదు. శరణార్థి అంటే ఎవరో చెప్పే చట్టం ఇక్కడ ఈ రోజుకీ లేదు. 1946 నాటి విదేశీయుల చట్టంలో లేదు, దాని స్థానంలో 2025లో వచ్చిన చట్టంలోనూ లేదు. ఆ చట్టాల కంటికి కుటుంబంతో సహా పారిపోయి వచ్చిన తల్లీ, వీసా గడువు దాటిన వ్యాపారీ ఒకటే. అయినా ఈ దేశంలో శరణుకు చట్టబద్ధమైన పునాది లేదనడం తప్పు. రాజ్యాంగం రాసినవాళ్ళు దేశవిభజన వల్ల లక్షలమంది నిరాశ్రయులు రైళ్ళలో, ఎడ్లబళ్ళ మీద సరిహద్దు దాటుతున్న రోజుల్లో కూర్చుని రాశారు. వాక్ స్వాతంత్ర్యం, నివాస స్వాతంత్ర్యం వంటి 19వ అధికరణంలోని హక్కుల్ని వాళ్ళు పౌరులకే ఇచ్చారు. చట్టం ముందు సమానత్వం, ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ మాత్రం మనిషన్న ప్రతివాడికీ ఇచ్చారు. అరెస్టయినవాడికి లాయరును సంప్రదించే హక్కు ఇచ్చే 22వ అధికరణంలో శత్రుదేశపు పౌరుణ్ణి మినహాయించారు. ఆ మినహాయింపును అంత జాగ్రత్తగా రాశారంటే, మిగతా పరదేశీయులందరికీ లాయరు అందుబాటులో ఉండాలని తెలిసే రాశారన్నమాట. ఈ పునాది మీదే 1996 జనవరిలో సుప్రీంకోర్టు చక్మాల కేసులో తీర్పు చెప్పింది. తూర్పు పాకిస్తాన్‌లో కర్ణఫూలీ నది మీద కాప్తాయ్ ఆనకట్ట కట్టినప్పుడు ఊళ్ళు మునిగి, ఆపైన మతపరమైన వేధింపులూ తోడై వచ్చిన చక్మాలను 1960లలో నేటి అరుణాచల్ ప్రాంతంలో స్థిరపరిచారు. మూడు దశాబ్దాల తర్వాత స్థానిక విద్యార్థి సంఘం వాళ్ళు వెళ్ళిపోవాలని గడువు పెట్టింది. జాతీయ మానవహక్కుల కమిషన్ స్వయంగా పిటిషనరై కోర్టుకెక్కింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడే బాధ్యత రాజ్యానిదే, ఏ గుంపూ బెదిరించి మనుషుల్ని తరమడానికి వీల్లేదని ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎం. అహ్మదీ నాయకత్వంలోని ధర్మాసనం చెప్పింది. చక్మాల గొంతు కోర్టు దాకా వెళ్ళిందంటే, దాన్ని మోసే ఒక సంస్థా కొందరు న్యాయవాదులూ ఉండబట్టే.

దీనికి ఎదురుగా బలమైన వాదం లేకపోలేదు. విదేశీయుణ్ణి పంపేసే అధికారం ప్రభుత్వానికి సంపూర్ణంగా ఉందని 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు కూడా భారత్ పరదేశీయుల బహిష్కరణకు సంబంధించిన 13వ అధికరణం మీద తన చట్టాలే వర్తిస్తాయన్న షరతు పెట్టింది. 2021 ఏప్రిల్ 8న, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల కేసులో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఈ దారిలోనే నడిచింది. సమానత్వాన్నీ ప్రాణాన్నీ కాపాడే 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, బహిష్కరణకు గురికాకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న నివాసహక్కుకు అనుబంధమని చెప్పింది. నిర్దేశించిన పద్ధతి పాటించకుండా పంపవద్దని మాత్రం ఆదేశించింది. న్యాయస్థానం మీద గౌరవంతోనే అంటున్నాను, ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోయాయి. ఇక్కడ ఉండిపోతాను అనడం ఒక కోరిక. దాన్ని కాదనే అధికారం ప్రభుత్వానికి ఉంది. నన్ను చంపేవాడి చేతిలో పెట్టకండి అనడం వేరు. అది ఈ నేల మీద ఉండే హక్కుకు అనుబంధం కాదు, ప్రాణహక్కులోనే భాగం. మూడో దేశానికి పంపినా ఆ రెండో కోరిక నెరవేరుతుంది. 1979లో షరతు పెట్టినవాళ్ళు కూడా ప్రాణహక్కును చెప్పే 6వ అధికరణం మీదా, చిత్రహింసను నిషేధించే 7వ అధికరణం మీదా ఏ షరతూ పెట్టలేదు. ఇక ఆ నిర్దేశించిన పద్ధతి ఎలాంటిదో తెలుసుకోవడానికి 2018 అక్టోబరు 4న జరిగింది చూడాలి. అస్సాంలో అక్రమ ప్రవేశానికి శిక్ష అనుభవించి నిర్బంధంలో ఉన్న ఏడుగురు రోహింగ్యాలను ఆ రోజు మణిపూర్ సరిహద్దులో మయన్మార్ అధికారులకు అప్పగించారు. మయన్మార్ వాళ్ళను తనవాళ్ళుగా ఒప్పుకుందన్న ప్రభుత్వ వాదన విని సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నిర్బంధంలో ఉండగా వాళ్ళను కలవనివ్వమని పదేపదే అడిగినా జవాబు రాలేదని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తర్వాత ప్రకటించింది. అంతకు ముందు సంవత్సరమే మయన్మార్ సైన్యం దాడుల నుంచి 7 లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. పద్ధతి పాటించారనే అనుకుందాం. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్ళనే వీళ్ళు మీవాళ్ళేనా అని అడిగి, అవునంటే అప్పగించడం ఆ పద్ధతి అయితే, విభీషణుడి సంగతి తేల్చడానికి లంకకు కబురు పెట్టినట్టే. ఆ ఏడుగురినీ మీకు అక్కడ భయం ఉందా అని స్వతంత్రంగా అడిగినవాడు లేడు.

దేశభద్రత మాటేమిటి? ఇది సుగ్రీవుడి ప్రశ్న, దానికి విలువ ఇవ్వాలి. సరిహద్దు దాటినవాళ్ళలో సాయుధులు ఉండవచ్చు, నేరగాళ్ళు ఉండవచ్చు. అందుకే 1951 ఒప్పందం కూడా యుద్ధనేరాలు చేసినవాళ్ళను శరణార్థులుగా గుర్తించనక్కరలేదని చెప్పింది, ఆశ్రయమిచ్చిన దేశభద్రతకు ప్రమాదమని సహేతుకంగా తేలినవాడికి 33వ అధికరణం రక్షణ వర్తించదని కూడా చెప్పింది. ఆ తేల్చడం మనిషి మనిషికీ జరగాలి. విచారణ లేని చోట భద్రత పెరగదు. ఎవరు ఎవరో తెలియని జనం చీకట్లోకి జరుగుతారు. గుర్తింపు కార్డు దక్కనివాడు పోలీసుస్టేషన్ వైపు వెళ్ళడు, మోసపోయినా ఫిర్యాదు చేయడు, దళారి చెప్పిన గుడిసెలో దాక్కుంటాడు. పేరు, ఊరు, ఎందుకు వచ్చాడో, ఏ దారిన వచ్చాడో లాయరు సమక్షంలో నమోదు చేసుకున్న ప్రభుత్వానికే ఎవరి మీద కన్నేయాలో తెలుస్తుంది. గుంపు మొత్తాన్నీ అనుమానించే ప్రభుత్వం, ఆ గుంపులో నిజంగా అనుమానించవలసిన ఒక్కణ్ణి కనిపెట్టలేదు.

భారం గురించిన ప్రశ్న దీనికన్నా లోతైనది. శిబి చక్రవర్తి డేగ తరిమిన పావురాన్ని కాపాడటానికి తన తొడ కోసి ఇచ్చాడు, పక్కవాడి తొడ కోయలేదు. డేగకూ ఆకలి ఉంది, ఆ ఆకలి కూడా న్యాయమైనదేనని కథే ఒప్పుకుంటుంది. ప్రభుత్వం ఇచ్చేది తన సొత్తు కాదు. రేషను, ఆసుపత్రి మంచం, కూలిపని అన్నీ అక్కడి పేదల వాటా లోంచే తీయాలి. శరణార్థులు వచ్చి చేరేది ధనికుల కాలనీలకు కాదు, హైదరాబాద్‌లో బాలాపూర్ వంటి చోట్లకే. ఈ వాదంలో నిజముంది, దాన్ని జాతివివక్ష అని కొట్టిపారేసేవాళ్ళు పేదల మీద మరో అన్యాయం చేస్తున్నారు. నా జవాబు రెండు భాగాలు. ఒకటి, భారం ఎవరు మోయాలన్న లెక్క ఎలా తేలినా, దాన్ని తగ్గించుకోవడానికి మనిషిని హంతకుడి వైపు తోయడం ఆ లెక్కలోకి రాదు. రెండోది తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే, రేవులో మోతకూలీలుగా తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1930లో ఆ తెలుగు కూలీల సమ్మె సమయంలో వాళ్ళ స్థానంలోకి బర్మా కూలీలను తెచ్చి, సమ్మె ముగియగానే తీసేయడంతో అల్లర్లు రేగాయి, తెలుగువాళ్ళు వేటాడబడ్డారు. తిండి లాక్కునే పరాయివాళ్ళని అప్పుడు పేరు పడింది మనకే. 1942లో జపాన్ దండెత్తినప్పుడు లక్షలమంది కాలినడకన కొండలూ అడవులూ దాటి వచ్చారు, దారిలోనే వేలమంది పోయారు. 1962లో బర్మాలో నే విన్ అధికారానికి వచ్చి దుకాణాలను జాతీయం చేశాక మళ్ళీ జనం ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రాకకు గుర్తుగా ఈనాటికీ ఉంది. బర్మా నుంచి వచ్చినవాళ్ళు మనవాళ్ళు, రోహింగ్యాలు పరాయివాళ్ళు అన్న తేడా చూపించవచ్చు. కానీ ఆ బర్మాయే (నేటి మయన్మార్) 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను మనవాళ్ళు అనడానికి ఏ దేశమూ మిగల్లేదు. మనవాళ్ళు అనేవాళ్ళు ఉన్నవాడికి ఆ ఓడ దొరికింది. లేనివాడికి కోర్టు తప్ప వేరే రేవు లేదు.

మిత్రదేశాలతో సంబంధాలు చెడతాయన్న జంకుకు జవాబు తెలుగు నాటకశాలలో ఎప్పటినుంచో ఉంది. వ్యాసభారతంలో లేని గయుడి కథను చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం నాటకంగా రాస్తే ఊరూరా ఆడింది. కె.వి. రెడ్డి తీసిన శ్రీకృష్ణార్జున యుద్ధము 1963లో వచ్చింది. గయుడు తెలియక చేసిన తప్పుకు కృష్ణుడు చంపుతానని శపథం పడతాడు. తరుముతున్నది ఎవరో తెలియకుండా అర్జునుడు అభయమిస్తాడు. తెలిశాక కూడా మాట వెనక్కి తీసుకోడు, బావతోనే యుద్ధానికి నిలుస్తాడు. ఆ కథను అంతగా ప్రేమించిన జనానికి, శరణు విలువ శత్రువు తరిమినప్పటికన్నా స్నేహితుడు తరిమినప్పుడే బయటపడుతుందని వేరే చెప్పనక్కరలేదు. 1959 మార్చిలో దలైలామా సరిహద్దు దాటి వచ్చినప్పుడు నెహ్రూ ప్రభుత్వం చైనా స్నేహాన్ని పణంగా పెట్టి ఆశ్రయమిచ్చింది. ఆశ్రయమివ్వడం మానవీయమైన చర్య, దాన్ని ఏ దేశమూ వైరంగా భావించరాదని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1967లో చేసిన ప్రకటన కూడా ఉంది.

2019 పౌరసత్వ సవరణ చట్టం గురించి ఇక్కడ చెప్పకుండా దాటిపోవడం నిజాయితీ కాదు. మతహింసకు గురై వచ్చినవాళ్ళకు ఈ దేశం బాధ్యత వహించాలని ఒక చట్టం చెప్పడం చిన్న విషయం కాదు. ఆ మేరకు దాన్ని మెచ్చుకోవచ్చు. అయితే 2014 డిసెంబరు 31 లోపు మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళు అని గీత గీయడంతో, విని తేల్చవలసిన విషయాన్ని జాబితా తేల్చేసింది. ఆ గీతకు బయట రోహింగ్యాలు మాత్రమే లేరు. దశాబ్దాలుగా తమిళనాడు శిబిరాల్లో ఉన్న శ్రీలంక తమిళులు, వాళ్ళలో అత్యధికులు హిందువులే, వాళ్ళూ బయటే ఉన్నారు. ఏ జాబితా అయినా ఎవరో ఒకరి భయాన్ని చూడలేదు. సుగ్రీవుడి మొదటి మాటకే ముగించి ఉంటే, రాక్షసులు అన్న జాబితాలోనే విభీషణుడి కథ ఆగిపోయేది.

మరి చేయవలసినదేమిటి? శరణార్థి ఎవరో నిర్వచించి, విచారణా అప్పీలూ లాయరూ కల్పించే చట్టం కావాలి. శశి థరూర్ 2015లో పార్లమెంటులో ఇలాంటి ప్రైవేటు బిల్లు ఒకటి పెట్టారు, అది చట్టం కాలేదు. ఆ చట్టం వచ్చేదాకా ఉన్నవాటితోనే ఎంతో చేయవచ్చు. 1987 న్యాయసేవాధికార చట్టం నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఉచిత న్యాయసహాయం ఇస్తుంది, పౌరుడై ఉండాలని అడగదు. నిర్బంధ కేంద్రంలో ఉన్న పరదేశి దగ్గరికి అతని భాష తెలిసిన దుబాసీతో సహా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరు వెళ్ళడానికి కొత్త చట్టం అక్కరలేదు, వెళ్ళాలన్న పట్టుదల కావాలి. శరణార్థుల పక్షాన వాదించే లాయర్లను విదేశీ శక్తుల ఏజెంట్లనడం ఇప్పుడు పరిపాటి అయింది. వాళ్ళు అబద్ధపు కేసులు వేస్తే కోర్టు కొట్టేస్తుంది, ఆ భయం వాళ్ళకూ ఉంటుంది. నిజమైన కేసు వేసేవాడు లేకపోతే మాత్రం దాన్ని సరిదిద్దే మార్గం ఏ కోర్టుకూ ఉండదు, ఎందుకంటే ఆ కేసు కోర్టు ముందుకే రాదు.

సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వెలువడిన నెలలోపే, 2021 మే 3న, మణిపూర్ హైకోర్టు మరో దారి చూపింది. ఆ ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత పారిపోయి వచ్చిన ఏడుగురి తరఫున న్యాయవాది నందితా హక్సర్ తానే పిటిషనర్‌గా నిలబడ్డారు. వాళ్ళలో పత్రికారంగంలో పనిచేసినవాళ్ళూ వాళ్ళ కుటుంబసభ్యులూ ఉన్నారు. అరెస్టు భయంతో దాక్కున్నవాళ్ళను ఆమె కోర్టు ముందుకు తీసుకొచ్చారు. వాళ్ళు అక్రమంగా వచ్చారని ప్రభుత్వం అంది. పారిపోయేవాడికి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకునే వ్యవధి ఉండదని కోర్టుకు తెలుసు. 21వ అధికరణం ఇచ్చే రక్షణలో తిప్పి పంపకుండా ఉండే హక్కు కూడా ఇమిడి ఉందని చెప్పింది. పౌరసత్వం ఇవ్వలేదు, నివాసమూ ఇవ్వలేదు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దగ్గర తమ సంగతి చెప్పుకోవడానికి వాళ్ళను క్షేమంగా వెళ్ళనివ్వమని మాత్రం ఆదేశించింది.